ఊళ్ళో లేనివాళ్ళ మీద ఒక ఒప్పందం

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో, మిరుగు కార్తెకు కాస్త ముందు, కార్మిక శాఖలో నాకు సహాయ కమిషనర్‌గా పదోన్నతి వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ నా పరిధిలోకి వచ్చాయి. నా కింద ఊరికొక సహాయ కార్మిక అధికారి, పైన ఉప కమిషనర్. కనీస వేతనాలు అమలవుతున్నాయో లేదో తనిఖీ చేయడం, ప్రమాదాల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం ఇప్పించడం వంటివి మా రోజువారీ పనులు. అన్నిటికంటే బరువైనది రాజీ అధికారి బాధ్యత. రాజీ అధికారి తీర్పు చెప్పరు. యాజమాన్యాన్నీ కార్మిక సంఘాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. కుదిరితే ఒప్పందం రాయించి తానూ సంతకం పెడతారు. కుదరకపోతే రాజీ విఫలమైందని ప్రభుత్వానికి నివేదిక పంపుతారు. ఆ వివాదాన్ని పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు పంపాలా వద్దా అన్నది ఆ తర్వాత ప్రభుత్వం తేల్చాలి.

అవి మంచి రోజులు కావు. సిరిసిల్లలో మరమగ్గాలు ఒక పూట నడిస్తే మరో పూట ఆగేవి. నేత కార్మికుల చావుల గురించి పత్రికల్లో చదవని వారం ఉండేది కాదు. బస్టాండులో మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భీవండికి బస్సు బయలుదేరే వేళకు మూటలతో మగవాళ్ళు, వెంట సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్ళు నిండిపోయేవారు. జగిత్యాల, కోరుట్ల వైపు బోర్లు ఎండిపోయి, గొల్లపల్లి, బుగ్గారం ఊళ్ళ యువకులు పాస్‌పోర్టులు పట్టుకొని గల్ఫ్ ఏజెంట్ల గుమ్మాల్లో పడిగాపులు కాసేవారు. మగవాళ్ళు పోయిన ఇళ్ళను ఆడవాళ్ళ ఒళ్ళోని బీడీల చాటలే నిలబెట్టాయి. ఈ మాట నేను నివేదికలు చదివి అనడం లేదు. మా నాన్న బుగ్గారంలో కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. వానకాలంలో చెట్టు మీది నుంచి పడి నడుం విరిగిన తర్వాత మా ముగ్గురినీ పెంచింది మా అమ్మ చుట్టిన బీడీలే.

బీడీ పని ఇంట్లోనే జరుగుతుంది. కంపెనీవాళ్ళ కార్ఖానాలో ఆకు, తంబాకు, దారం తూచి ఇస్తారు. ఆడవాళ్ళు ఇంటికి తెచ్చుకొని, ఆకు తడిపి కత్తిరించి, బీడీలు చుట్టి, కట్టలు కట్టి మళ్ళీ కార్ఖానాలో అప్పజెబుతారు. అక్కడ బాగా లేవన్న బీడీలను ఛాట్ కింద తీసి పక్కన పడేస్తారు. వాటికి కూలి లేదు. ఇన్ని అవస్థల్లోనూ ఆ పనిని వదలకుండా పట్టుకోవడానికి కారణం ప్రావిడెంట్ ఫండ్ కార్డు. కార్డు ఉన్న మనిషి కంపెనీ కార్మికురాలు. ఆమెకు ముసలితనంలో పింఛను, బీడీ కార్మికుల దవాఖానా, పిల్లల చదువుకు సాయం వస్తాయి. కార్డు లేని మనిషి అవే బీడీలు చుట్టినా లెక్కలో ఉండదు.

నేను కుర్చీలో కూర్చున్న కొన్ని వారాలకే సిరిసిల్ల నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు బీడీ కార్మికుల సంఘం కార్యదర్శి నర్సయ్య. ఒకప్పుడు మరమగ్గం నడిపినవాడు. మాట మెత్తన, పట్టు మాత్రం గట్టిది. రెండో మనిషి రూతమ్మ. కోనరావుపేట దగ్గరి పల్లెలో, తరతరాలుగా సెంటు భూమి లేని కుటుంబం ఆమెది. ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకొని వచ్చినట్టుంది, మడతలు ఇంకా పోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

“లగ్గమైన కాన్నుంచి గీ కంపెనికే బీడీలు జేస్తున్న మేడం. నా పెనిమిటి భీవండిల మగ్గం కాడ పడిపోయిండని కబురచ్చింది. పోకుంటె మన్షి దక్కకపోవు. పోయి దవాఖాన్ల ఉన్న, ఆయిన లేసి నడిశేదాక ఉన్న. తోల్కొని అచ్చి కార్ఖానకు పోతె నీ కార్డు కొట్టేసినమంటుండ్రు. నేను పని ఇడిశిపెట్టి పోలే. మన్షిని తెచ్చుకోను పోయిన.”

కార్డు ఎందుకు కొట్టేశారని నర్సయ్యను అడిగాను. అంతకుముందు ఎండాకాలంలో జగిత్యాలలో కుదిరిన ఒప్పందం సంగతి అతను చెప్పాడు. ఆ కంపెనీకి మూడు ఊళ్ళలోనూ కార్ఖానాలున్నాయి. జగిత్యాలలో ఒక సంఘం, కోరుట్ల, సిరిసిల్లలో నర్సయ్య సంఘం పనిచేసేవి. కంపెనీ జగిత్యాల సంఘంతో మాత్రమే మాట్లాడింది. బీడీల కూలి పెంచడానికి ఒప్పుకుంది. దానికి బదులుగా ఒక షరతు రాయించుకుంది. రెండు నెలలు వరుసగా బీడీలు అప్పజెప్పనివారు పని మానుకున్నట్టే లెక్క. విచారణ లేకుండా వారి కార్డు రద్దవుతుంది. వలస రోజుల్లో ఆ షరతు ఎవరి మీద పడుతుందో కంపెనీకి బాగా తెలుసు. కార్డులు తగ్గితే కంపెనీ కట్టాల్సిన ఫండూ తగ్గుతుంది.

“మమ్ముల పిలువలే, అడుగలే. జగిత్యాలల చేసుకున్న ఒప్పందం సిరిసిల్లోల్ల నెత్తి మీద ఎట్ల వెడ్తరు మేడం?” అని నర్సయ్య అడిగాడు.

సూటిగా అడిగాడు కాని, చట్టం అతనికి అంత అనుకూలంగా లేదు. మాకు రెండు రకాల ఒప్పందాలు ఉండేవి. యాజమాన్యం, సంఘం బయట కూర్చొని రాసుకున్నది వాళ్ళిద్దరికే వర్తిస్తుంది. రాజీ ప్రక్రియలో, రాజీ అధికారి సాయంతో, ఆమోదంతో కుదిరినదైతే ఆ సంస్థలోని ప్రతి కార్మికుడికీ వర్తిస్తుంది. సంఘంలో సభ్యుడు కాకపోయినా, సంతకం చేయకపోయినా, ఆ రోజుకు ఇంకా పనిలో చేరకపోయినా సరే. జగిత్యాల ఒప్పందం రెండో రకం. దాని మీద రాజీ అధికారి సంతకం ఉంది.

ఆ సంతకం చేసింది నాకు ముందు ఈ కుర్చీలో ఉన్న అధికారి. ఇప్పుడాయన పదోన్నతి మీద ఉప కమిషనర్ అయ్యారు, అంటే నా పైఅధికారి. పేరు చెప్పడం అనవసరం. లంచం తీసుకునే మనిషి కాదు, పనిదొంగ కాదు. సంఘం నుంచి వివాద పత్రం తీసుకున్నానని తెలియగానే నన్ను పిలిపించారు. అది కరువు సంవత్సరమనీ, ఎన్నో ఏళ్ళుగా కదలని కూలిని తాను కదిలించగలిగాననీ, ఒక్క షరతు కోసం మొత్తం ఒప్పందాన్ని కెలకవద్దనీ చెప్పారు. అమల్లో ఉన్న ఒప్పందం మీద వివాదం చెల్లదని ఒక్క పేరా రాసి ఫైలు మూసేయమన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చట్టం మళ్ళీ చదివాను. ఒప్పందంలోని విషయాల మీద కొత్త వివాదం లేవదీయకూడదన్న మాట నిజమే. అయితే ఒప్పందమే సక్రమంగా కుదరలేదని, అన్యాయమని అంటే అది వేరే వివాదం. దాన్ని తేల్చే అధికారం నాకు లేదు, ఆయనకూ లేదు. తేల్చాల్సింది ట్రిబ్యునల్. అలాంటప్పుడు మూసేసే అధికారం మాత్రం మాకెక్కడిది? మర్నాడు ఆయన గదికి వెళ్ళి ఈ మాటే చెప్పాను. రెండు పక్షాలకూ నోటీసులు పంపుతున్నానని కూడా చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు. మీ ఇష్టం, కాని మీరు పని చేస్తున్నది నా కింద అని మాత్రం అన్నారు.

రాజీ సమావేశానికి కంపెనీ తరఫున మేనేజర్ వచ్చాడు. అనుభవజ్ఞుడు. మొదట చట్టం గురించి మాట్లాడాడు. నేను వదలకపోవడంతో దారి మార్చాడు. రూతమ్మ విషయంలో మానవతా దృష్టితో ఆలోచించామనీ, సంఘం వివాదం వెనక్కి తీసుకుంటే ఆమె కార్డు ఆ వారమే తిరిగి ఇస్తామనీ అన్నాడు.

నేను నర్సయ్య వైపు చూశాను. నర్సయ్య రూతమ్మ వైపు చూశాడు. నిర్ణయం ఆమెదే అన్నట్టు ఊరుకున్నాడు. అప్పటికి ఆమె తోడికోడలి కార్డు మీద బీడీలు చుడుతోంది. చేసేది ఈమె, పేరు ఆమెది. భర్త సాయిలు మంచం దిగితే ఆయాసపడుతున్నాడు. కార్డు ఉంటే బీడీ కార్మికుల దవాఖానాలో మందులు దొరుకుతాయి. ఇవన్నీ మేనేజరుకు తెలుసు. నాకూ తెలుసు. ఆమె ఒప్పుకుంటే తప్పు పట్టే హక్కు ఆ గదిలో ఎవరికీ లేదు.

రూతమ్మ మేనేజరుతోనే అంది: “నా కార్డు నాకిస్తరు, మంచిదే. మల్ల భీవండి బస్సుల నా పక్కపొంటి కూసున్న ఆడోల్లున్నరు సారూ. ఒకామె మొగడు పోతె పీన్గును తేను పోయింది. ఆమె కార్డు గుడ కొట్టేసిండ్రు. ఆమె రేపు నా ఇంటికచ్చి నీకెట్ల అచ్చిందే అంటె ఏం చెప్పాలె?”

మేనేజరు ఆమె గురించి తర్వాత ఆలోచిస్తామన్నాడు.

“అట్లయితె నా సంగతి గుడ ఆమెతోనే ఆలోచించుండ్రి” అని రూతమ్మ కొంగు సర్దుకుంది.

తర్వాత ఆమె నడవాలోకి వెళ్ళి గోడకు ఆనుకొని ఏడ్చిందని మా అటెండర్ చెప్పాడు. నా ముందు మాత్రం ఏడవలేదు. రాజీ కుదరలేదు. వివాదాన్ని ట్రిబ్యునల్‌కు పంపాలని సిఫారసు చేస్తూ నేను నివేదిక రాశాను. నివేదిక పైఅధికారి ద్వారానే వెళ్ళాలి. ఆయన దాని కింద తన అభిప్రాయం వేరుగా రాసి పంపారు. అది ఆయన హక్కు.

ప్రభుత్వం మా పైఅధికారి మాటే విన్నది. వివాదాన్ని పంపనవసరం లేదని జవాబు వచ్చింది. నర్సయ్య సంఘం హైకోర్టుకు వెళ్ళింది. కోరుట్ల, సిరిసిల్ల ఆడవాళ్ళు చందాలు వేసుకున్నారు. కోర్టులో ఆ పిటిషన్ మీద ప్రభుత్వం తరఫున జవాబుగా కౌంటర్ వేయాల్సింది నేనే. విచిత్రమైన స్థితి అది. నా సిఫారసును కాదన్న ప్రభుత్వాన్ని నేనే సమర్థించాలి. ఉన్నది ఉన్నట్టు రాశాను. ప్రభుత్వ నిర్ణయాన్ని చెప్పాను, నా నివేదికనూ జతపరిచాను. ఏడాదికి పైగా గడిచాక ఉత్తర్వు వచ్చింది. ఒప్పందం న్యాయమైనదా కాదా అన్నది ప్రభుత్వం తనకు తానే తేల్చకూడదనీ, వివాదాన్ని ట్రిబ్యునల్‌కు పంపాలనీ న్యాయమూర్తి చెప్పారు.

ఈలోగా షరతు తన పని తాను చేస్తూనే ఉంది. ప్రతి పండగ తర్వాతా, ప్రతి చావు తర్వాతా ఎవరో ఒకరు భీవండి నుంచో సూరత్ నుంచో తిరిగొచ్చేవారు. కార్డు పోయిందని కార్ఖానా గుమ్మంలో తెలుసుకునేవారు.

అసలు కష్టం ట్రిబ్యునల్‌లో మొదలైంది. కంపెనీ వకీలు ఒక వాదన పెట్టాడు. ఒప్పందమంటే ఇచ్చిపుచ్చుకోవడం. అందులో నచ్చింది ఉంచుకొని నచ్చనిది తీసేయమనడం కుదరదు. నిలిస్తే మొత్తం నిలవాలి, పోతే మొత్తం పోవాలి. పోతే పెంచిన కూలి కూడా పోతుంది. చట్టంలో ఆ వాదనకు బలం ఉంది. అతను దాన్ని కోర్టులో చెప్పి ఊరుకున్నా, కార్ఖానా గుమాస్తాలు ఊరుకోలేదు. మూడు ఊళ్ళలోనూ అదే మాట పాకించారు. సిరిసిల్లోళ్ళ కేసు గెలిస్తే మీ కూలి పోతుందని.

జగిత్యాల ఆడవాళ్ళు భగ్గుమన్నారు. వాళ్ళ సంఘం నాయకుడు రాజేశం రెండు సంఘాలకూ కోరుట్లలో ఒక సమావేశం ఏర్పాటు చేసి, చట్టం ఏం చెబుతుందో వివరించడానికి రమ్మని నన్ను రాతపూర్వకంగా అడిగాడు. రాజీ అధికారిగా అది నా పనిలో భాగమే కనుక వెళ్ళాను. ఎవరి తరఫునా మాట్లాడనని ముందే చెప్పాను.

కార్ఖానా ముందు రేకుల షెడ్డులో సమావేశం. ఎండకు పైన రేకులు పెటపెటలాడుతున్నాయి. జగిత్యాలవాళ్ళు ఒక పక్క, కోరుట్ల సిరిసిల్లవాళ్ళు మరో పక్క చాపల మీద కూర్చున్నారు. నేను చట్టం చెప్పాను. వాదన నిజమేననీ, ఒప్పందం మొత్తంగా రద్దయ్యే అవకాశం ఉందనీ దాచకుండా చెప్పాను. సిరిసిల్ల వైపు తలలు వంగాయి.

జగిత్యాల వైపు నుంచి భూదేవి అనే ఆవిడ లేచింది. యాభై దాటిన మనిషి. ఆమె లేస్తే రాజేశం కూడా కూర్చునేవాడట.

“మీ పంచాయితి మీది. మా కూలి ఎందుకు పోగొడ్తరు? నా ఇంట్ల ఇద్దరు మనుమండ్లు. కొడుకు దుబాయి పోయి పైసలు పంపుతలేడు. గా పెరిగిన కూలి మీదనే వాండ్లకు తిండి. నువ్వు భీవండి పోతె నేనేం జెయ్యాలె?”

ఆమె మాటలో అన్యాయం ఏమీ లేదు. నర్సయ్య చట్టం మాట్లాడబోతే రూతమ్మ అతన్ని చేత్తో ఆపి లేచింది. సాయిలు చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు.

“నీ కూలి పోవాల్నని నాకు లేదక్కా. నాకు గుడ గదే కూలి. నిన్నొక్కటి అడుగుత. ఒప్పందం చేసిన్నాడు గీ షరతు మీకు సదివి ఇనిపిచ్చిండ్రా?”

భూదేవి రాజేశం వైపు చూసింది. రాజేశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కూలి పెరిగిందని చెప్పామనీ, అన్నీ చెప్పే సమయం లేదనీ ఏదో అన్నాడు.

“నేనడిగింది గది గాదన్నా” అంది భూదేవి అతనితో. “సదివినవా, లేదా?”

“చదవలే” అన్నాడు రాజేశం.

రూతమ్మ ఆ అవకాశం తీసుకొని ఎవరినీ దెప్పలేదు. “మరింక నువ్వు పెట్టని సంతకం నీ మీద, నేను పెట్టని సంతకం నా మీద. ఇద్దరిది ఒక్కటే కతనాయె గదక్కా” అని కూర్చుంది.

భూదేవి కూర్చోలేదు. నన్ను అడిగింది: “మేడం, మా సంగం గుడ గీ షరతు వద్దంటె? మేమే పోయి కోర్టుల చెప్తె, కూలి నిలుస్తదా?”

నిలుస్తుందని నేను మాట ఇవ్వలేనన్నాను. ఒప్పందం చేసుకున్న సంఘం సభ్యులే వచ్చి ఆ షరతు తమకు తెలియదని ప్రమాణం చేసి చెబితే, కూలి పెంపును కాపాడుతూ ఏదైనా మార్గం చూపడానికి ట్రిబ్యునల్‌కు వీలుంటుందని మాత్రం చెప్పాను. చూపకపోవచ్చు కూడా అని చెప్పాను.

“అయితదో కాదో తరువాత చూస్తం. అబద్దం మీద తినుడైతె నాకద్దు” అంది భూదేవి. “నేనత్త సాక్ష్యానికి.”

ఆ మాటతో జగిత్యాలవాళ్ళందరూ ఒప్పుకోలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. వెళుతూ భూదేవిని తిట్టారు కూడా. ఆమె విన్నది, వెనక్కి తగ్గలేదు. ఉద్యోగంలో నేను ఎందరో నాయకులను చూశాను. కడుపు మీదికి వచ్చే మాటను అంత మంది ముందు, అంత తొందరగా అనగలిగినవాళ్ళు నాకు ఎక్కువమంది తటస్థపడలేదు.

సాక్ష్యాల రోజున నేనూ వెళ్ళాను. ఫైలు తీసుకురమ్మని ట్రిబ్యునల్ నన్ను పిలిచింది. కంపెనీ కోరిక మీద మా పైఅధికారికి కూడా సమన్లు వెళ్ళాయి, ఒప్పందం మీద సంతకం ఆయనది కనుక. కంపెనీ వకీలు ఆయన్ను తమకు బలమైన సాక్షిగా లెక్కవేసుకున్నాడు. దారి పొడవునా, కారులో నా పక్కనే కూర్చొని కూడా ఆయన కేసు ఊసెత్తలేదు.

మొదట భూదేవి బోనెక్కింది. కంపెనీ వకీలు ఆమెను చాలాసేపు ఉక్కిరిబిక్కిరి చేశాడు. పెరిగిన కూలి తీసుకున్నావా లేదా అని అడిగాడు. తీసుకున్నానంది. తీసుకున్నాక ఒప్పందం తెలియదని ఎలా అంటావన్నాడు. “కూలి ఎర్కే. షరతు ఎర్క లేదు. బువ్వ పెట్టినమని జెప్పిండ్రు, దాంట్ల రాయి ఏసినమని జెప్పలే” అంది. ట్రిబ్యునల్ అధికారి ఆ జవాబును తానే మెల్లగా చెప్పి టైపిస్టుతో రాయించారు. వెనక బెంచీ మీద రూతమ్మ తల ఎత్తి వింటోంది.

తర్వాత మా పైఅధికారి. సంఘం వకీలు ఒక్కటే విషయం మీద ప్రశ్నలు వేశాడు. చర్చలు మీ ముందు జరిగాయా? షరతు మీద వాదోపవాదాలు జరిగాయా? రెండో సంఘానికి కబురు చేశారా?

ఆయన అడ్డదారి పడతారనే నేను అనుకున్నాను. రికార్డుల ప్రకారం అంటూ మొదలుపెట్టి రెండర్థాల వాక్యాలతో దాటిపోవడం మా శాఖలో అందరికీ వచ్చిన విద్య. ఆయన కొంచెంసేపు బోను చెక్క మీద చేయి ఆనించి నిలబడ్డారు. భూదేవి కూర్చున్న వైపు ఒకసారి చూశారు. తర్వాత స్పష్టంగా చెప్పారు. “ఒప్పందం టైపు చేసి సిద్ధంగా తెచ్చారు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నామన్నాయి. నేను సంతకం పెట్టాను. నా ముందు చర్చలు జరగలేదు. రెండో సంఘాన్ని పిలవలేదు. పిలిస్తే కూలి పెంపు ఆలస్యమవుతుందని అనుకున్నాను.”

కంపెనీ వకీలు లేచి ఏదో అనబోయాడు. తమ సాక్షినే తాము ఎదురు ప్రశ్నించలేమన్న సంగతి గుర్తొచ్చి కూర్చున్నాడు.

బయటికి వచ్చాక ఆయనే అన్నారు, ఆమె అంత చెప్పాక నేను తక్కువ చెప్పలేకపోయాను అని. నేను రాసిన నివేదికకు అడ్డంగా ఆయన రాసిన అభిప్రాయం ఆ రోజు ఆయన మాటతోనే కొట్టుకుపోయింది. ఆయన అధికారిగా ఎలా నెగ్గుకొచ్చారో నాకు తెలియదు; మెమో ఒకటి అందిందని తర్వాత విన్నాను. నాపై ఆయనకు కోపం పోయిందని కూడా చెప్పలేను. ఆ సంవత్సరం సాధారణ బదిలీల్లో నన్ను ఉత్తరాన అడవి జిల్లాకు పంపారు. ఆయన పంపారో, పైవాళ్ళు పంపారో నేను అడగలేదు.

అవార్డు, అంటే ట్రిబ్యునల్ తీర్పు, వచ్చేటప్పటికి నేను కొత్తచోట ఉన్నాను. నర్సయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, గబగబా చెప్పాడు. రాజీ అధికారి సంతకం ఉన్నంత మాత్రాన అది రాజీలో కుదిరిన ఒప్పందం కాదని ట్రిబ్యునల్ తేల్చింది. కనుక సంతకం చేయని కోరుట్ల, సిరిసిల్ల కార్మికులకు అది వర్తించదు. జగిత్యాలలో కూడా విచారణ లేకుండా కార్డు రద్దు చేయడం అన్యాయం. కొట్టేసిన కార్డులన్నీ పాత సర్వీసుతో సహా తిరిగి ఇవ్వాలి. ఇక కూలి విషయం: ఇన్నాళ్ళుగా మూడు ఊళ్ళలో ఇస్తున్న దాన్ని కంపెనీ తనంతట తాను తగ్గించడానికి వీల్లేదు.

“గెలిశినం మేడం” అన్నాడు చివర్లో. “రూతక్క కార్డచ్చింది. భీవండికి పీన్గును తేను పోయినామెది గుడ అచ్చింది.”

గెలుపు అంత తేలిగ్గా పూర్తి కాలేదు. కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. అక్కడ స్టే దొరకకపోవడంతో, కొన్ని నెలలకు రెండు సంఘాలనూ పిలిచి కొత్త ఒప్పందానికి కూర్చుంది. నా స్థానంలో వచ్చిన అధికారి ఆ చర్చలు నడిపారు. ఊరు విడిచి వెళ్ళేవాళ్ళు కార్ఖానాలో చెప్పి వెళితే కార్డు అలాగే ఉంటుంది. చెప్పకుండా వెళ్ళినా, తిరిగొచ్చినప్పుడు కారణం వినకుండా కొట్టేయకూడదు. ప్రతిగా సంఘాలు ఛాట్ విషయంలో కొంత సర్దుకున్నాయి. జగిత్యాలలో కొందరికి అది నచ్చలేదు. భూదేవిని తర్వాతి ఎన్నికల్లో సంఘం కమిటీలోకి రాకుండా ఓడించారు. రాజేశం గెలిచాడు. అదీ జరిగింది.

రూతమ్మకు దక్కనిది కూడా చెప్పాలి. కార్డు ఉండాల్సిన రోజుల్లో లేదు. ఉంటే సాయిలు బతికేవాడని ఏ వైద్యుడూ అనలేదు, నేనూ అనను. మందులు అడిగి తెచ్చుకునే చోటు ఒకటి ఉండేదని మాత్రం అంటాను. కొన్నేళ్ళ తర్వాత పెళ్ళికని సిరిసిల్ల వెళ్ళినప్పుడు కార్ఖానా దగ్గర ఆమె కనిపించింది. సంఘంలో పల్లెల బాధ్యత చూస్తోంది. మొదటిసారి మా కార్యాలయానికి వచ్చినప్పటిలా నిలబడి మాట్లాడలేదు. తాను అరుగు మీద కూర్చొని, నన్నూ పక్కన కూర్చోబెట్టుకొని, చాయ్ తెప్పించింది. భీవండికి పోతున్న ఒక చిన్నామెకు, కార్ఖానాలో ఎవరికి చెప్పి వెళ్ళాలో మధ్యమధ్యలో వివరిస్తూనే ఉంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే, అది వృత్తికి సంబంధించినది. ఒప్పందాన్ని ఆమోదించే అధికారి ఎదురుగా సంతకం పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఇష్టంగానే ఉంటారు. అందువల్ల వాళ్ళ ఇష్టం చూసి ఆమోదించడం సరిపోదు. ఆ ఒప్పందం ఎవరి మీద పడుతుందో, వాళ్ళలో గదిలో లేనివాళ్ళు ఎవరో అడగాలి. ఆ తర్వాత నా ఉద్యోగం ముగిసేదాకా, నా ముందుకు వచ్చిన ప్రతి ఒప్పందాన్నీ పని జరిగే చోట పెద్దగా చదివించి, అభ్యంతరాలకు గడువిచ్చి, మిగతా సంఘాలను పిలిచి, ఆ తర్వాతే సంతకం పెట్టాను. దానివల్ల చాలా ఒప్పందాలు ఆలస్యమయ్యాయి. ఒకటి రెండు చెడిపోయాయి కూడా. నేను సంతకం పెట్టినవాటిలో ఏ ఒక్కదాన్నీ ఏ సంఘమూ కోర్టుకు తీసుకెళ్ళలేదు.